పొమ్మన్న నోరు

"ఈ వైశాఖం దాటుతుందా మన పాప?"

ఆ మాట నా నోటినుంచే వచ్చింది. పిల్లకి పాలు పడుతున్న మా ఆవిడ గంగాభవాని తలెత్తి చూసింది. "ఇలాంటివి పైకి అనకుండా ఉండటం మీ చదువులో చెప్పలేదాండీ?" అంది.

చెప్పలేదు. మద్రాసులో రెండేళ్ళు చదివాను. రసాయనశాస్త్రం, శరీరశాస్త్రం, మందుల కొలతలు చెప్పారు. వాంతిభేది చెడుగాలివల్ల వస్తుందని ఒక గురువు, తాగే నీళ్ళవల్ల వస్తుందని మరో గురువు చెప్పేవారు. ఆ ఇద్దరూ ఒకరి గదిలోకి ఒకరు అడుగు పెట్టేవారు కారు. పాపకి అప్పటికి పద్నాలుగు నెలలు. రాజోలు చుట్టుపక్కల ఎండలు ముదిరి బావులు అడుగంటేసరికి నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించసాగింది. గాలి వీస్తే తలుపులు మూసేవాణ్ణి. నీళ్ళు కాచి, గుడ్డలో వడకట్టి, మళ్ళీ కాయించేవాణ్ణి.

అది దుందుభి నామ సంవత్సరం. సర్కారు డ్రెస్సరుగా నేను లంకలన్నీ తిరగాలి. పుళ్ళు కడగడం, కట్లు కట్టడం, వేసవిలో కర్పూరం, నల్లమందు మాత్రలు పంచడం నా పని. తిరగడానికి నాకొక పడవ కుదిర్చారు. ఆ పడవ అప్పలరాజుది. నేను రాయబోయేది అతని గురించే.

నలభై అయిదేళ్ళ మనిషి. గెడ వేసి వేసి కుడి భుజం ఎడమ భుజం కన్నా ఎత్తుగా నిలిచిపోయింది. మాట తక్కువ. ఏమడిగినా "ఆయ్" అంటాడు. అందులో అవును అనీ ఉంటుంది, విన్నాను అనీ ఉంటుంది, ఇంక వదిలెయ్యండి అనీ ఉంటుంది.

నేనతన్ని సరిగా గమనించింది ఒక కాకి వల్ల. పడవలో పెట్టుకున్న నా అన్నం మూట మీద కాకి వాలింది. నేను "ఛీ, ఛీ" అంటూ చెయ్యి విసిరాను. అప్పలరాజు గెడ ఆపాడు.

"కాకిని హుష్ అనాలండి."

"ఏదైతేనేం, పోయింది కదా."

"పోయిందండి. కాకికి హుష్, కోడికి ఉష్షో, గొడ్డుకి హెయ్. అవన్నీ పక్కకి జరగమనడానికండి. కాసేపాగి మళ్ళీ వొస్తయ్యి, వొచ్చినా తప్పు లేదు. ఛీ అలాక్కాదండి. దానికి తిరిగి రావడం లేదు."

"కుక్కని ఛీ అంటారుగా. అది మళ్ళీ రావడం లేదూ?"

"కుక్కకి సిగ్గు లేదు కాబట్టి వొస్తదండి" అని గెడ నీళ్ళలోకి దింపాడు.

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

ఆ తరవాత కనిపెట్టి చూశాను. ఎవరేం చేసినా అతని నోట ఆ మాట రాదు. ఒకసారి నాగమణి అనే ముసలామె చేపల గంపతో పడవెక్కింది. ఎండకి చేపలు పాడైపోయాయి. పడవంతా ముక్కులు మూసుకుని ఛీ ఛీ అంటుంటే అప్పలరాజు లేచి ఆ గంపని తెచ్చి తన కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

"కంపు కొడుతుందంటే చాలు కదండీ" అన్నాడు జనంతో. "దాన్ని ఛీ అనడమెందుకు."

నాగమణికి తన గంప తీసినందుకు సంతోషించాలో ఉడుక్కోవాలో తెలియలేదు. "ఈ అప్పలరాజుకి ముక్కూ లేదు, పౌరుషమూ లేదు" అంది.

"ఉన్న రెండూ ఊటలంక రేవులో వొదిలేసేనప్పా" అన్నాడతను.

ముక్కులు మూసుకున్నవాళ్ళు చేతులు దించేశారు.

ఊటలంక దిండికి దిగువన వశిష్ఠ పాయకి నడుమ ఉంది. నేను అక్కడికి వెళ్ళినప్పుడల్లా అప్పలరాజు పడవని ఒడ్డుకి చేర్చేవాడు కాదు. మోకాలి లోతులో ఆపేసేవాడు. పంచె ఎగ్గట్టుకుని, మందులపెట్టె నెత్తిన పెట్టుకుని నేను దిగి నడవాలి. ఎందుకని అడిగితే, "అక్కడ నేల నాది కాదండి" అన్నాడు.

ఒక మధ్యాహ్నం దిండి ఒడ్డున పోటు నీరు తగ్గేదాకా ఆగవలసి వచ్చింది. కొబ్బరిచెట్ల నీడన కూర్చున్నాం. అప్పుడు చెప్పాడు.

అతనిది ఊటలంకే. ఆ రేవు వాళ్ళది. తాత, తండ్రి, తరవాత అతను. భార్య వీరవేణి. ఆమె అన్న సుబ్బరాజు. "ఇద్దరం ఒక్క తెడ్డు చెరో కొసా పట్టుకుని పెరిగేమండి. పెళ్ళయ్యేక బావా బావా అనుకున్నాం గానీ, అంతకుముందు నించీ వాడు నాకు వాడేనండి."

వాంతిభేది వచ్చినప్పుడు ఊటలంకవాళ్ళు అమ్మవారిని సాగనంపుతారు. అరటి బోదెలతో తెప్ప కట్టి, దాని మీద పసుపు పూసిన కుండ, వేపమండలు, పాత చేట, చీపురు, పోయినవాళ్ళ బట్టలు పెడతారు. పడవకి ఆ తెప్ప కట్టుకుని, నీరు సముద్రంలోకి లాగే పాటు వేళ ఏరు కడలిలో కలిసే మొగదాకా తీసుకెళ్ళి విడిచిపెట్టాలి. ఆ పని రేవు మనిషిది.

అందులో ఒక చిక్కుంది. మా వైపు గడప తొక్కినవాళ్ళని ఎవరూ పొమ్మనరు. ఎంత గిట్టనివాడినైనా "వెళ్ళిరండి" అనే అంటారు. అమ్మవారిని వెళ్ళిరమ్మంటే మళ్ళీ వస్తుంది. పొమ్మంటే కోపం వచ్చి ఉండిపోతుంది. అందుకని ఆ మాట పడవవాణ్ణి అంటారు. అతను ఊరివైపు వీపు పెట్టి పడవలో నిలబడతాడు. ఊరంతా ఒడ్డున చేరి ఆ వీపు మీద ఛీ, పో, మళ్ళీ మొహం చూపించకు అంటారు. ఉమ్ముతారు. బూడిద విసురుతారు. అమ్మవారు వింటుంది. సొంత మనిషినే ఇలా ఛీ అన్న ఊళ్ళో నాకేం మర్యాద అని అతని వెంట వెళ్ళిపోతుంది.

మొదటి ఛీ ఇంటి మనిషే అనాలి. సాధారణంగా బావ అంటాడు. వెళ్ళేవాడు వెనక్కి చూడకూడదు. మొగ దగ్గర ఇసుకతిప్ప మీద తొమ్మిది రోజులు ఒక్కడే ఉండాలి. తరవాత వచ్చి ఊరికెదురుగా అవతలి ఒడ్డున నిలబడాలి. మొదట ఛీ అన్న నోరే "రా" అని పిలవాలి. అప్పుడే అతను మళ్ళీ ఊరివాడు. అంతదాకా అతనికి ఆ ఊరి నిప్పు లేదు, నీళ్ళు లేవు, పలకరింపు లేదు.

"రెండుసార్లు వెళ్ళొచ్చేనండి. మా సుబ్బరాజు తిట్టేవాడు చూడండి, కడుపారా తిట్టేవాడు. చిన్నప్పుడు వాడి గాలం పోగొట్టేనని, అది కూడా అందులో కలిపేసేవాడు. పదో నాడు పసుపునీళ్ళ చెంబుచ్చుకుని రేవులోకి వొచ్చి, 'రా బావా, ఇంకా తిట్లు మిగిలిపోయేయి' అనేవాడు."

చెబుతూ నవ్వాడు. అప్పలరాజు నవ్వడం అదే మొదటిసారి చూశాను.

మూడోసారి సౌమ్య నామ సంవత్సరంలో వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని సాగుతున్న రోజులు. అతని కూతురు కాంతానికి మూడేళ్ళు. ఆ ఏడు ఊటలంకలో మొదట పోయింది సుబ్బరాజు తల్లి, అంటే అప్పలరాజు అత్త.

"నేను పడవెక్కి నిలబడ్డానండి. వీడు మొదలెట్టేడు. ఊరందుకుంది. మా కాంతం భయపడిపోయి 'నాన్నా' అని ఏడ్చింది. తిప్పకుండా ఉండటానికి మెడ నరాలు నొప్పెట్టేయండి. తిప్పలేదు."

మొగ దగ్గర తెప్ప విప్పేముందు దాని మీద ఉన్నవన్నీ చూసుకోవాలి. చేట ఉంది, చీపురు ఉంది, కుండ ఉంది, చీరలు ఉన్నాయి. అత్త దుప్పటి లేదు. ఎర్ర అంచు దుప్పటి, కొత్తది. ఆమె పోయినప్పుడు ఒంటి మీద ఉన్నది అదే. మరిచిపోయి ఉంటారు, వెళ్ళాక చెప్పి తగలబెట్టించాలి అనుకున్నాడు.

తొమ్మిది రోజులూ ఉండి, పదో నాటి పొద్దున్నే వచ్చి ఊటలంకకి ఎదురుగా నిలబడ్డాడు. ఆడవాళ్ళు నీళ్ళకి వచ్చారు, అతన్ని చూశారు, కడవలు ముంచుకుని వెళ్ళిపోయారు. మధ్యాహ్నమైంది. సాయంత్రమైంది. ఎవరూ పిలవలేదు. మర్నాడు మళ్ళీ నిలబడ్డాడు.

రెండోనాడు సుబ్బరాజు వచ్చాడు. చేతిలో పసుపునీళ్ళ చెంబు లేదు. చంకలో కాంతం ఉంది. వెనకాల వీరవేణి నోట్లో కొంగు కుక్కుకుని నిలబడింది. రేవులో అప్పలరాజు రెండో పడవ ఉంది. దాని గెడ మీద ఎర్ర అంచు దుప్పటి ఉతికి ఆరేసి ఉంది.

"'నువ్వు వెనక్కి చూసేవు బావా' అన్నాడండి. 'నువ్వు చూడ్డం నేను చూసేను. అయిదో నాడు నా చిన్నపిల్ల పోయింది' అన్నాడు. ఏడ్చేడు, పాపం. వాడి పిల్లంటే నాకూ పిల్లే కదండీ. నేనూ ఏడ్చేను ఇవతల. తరవాత వాడు మా కాంతం చెవిలో ఏదో అన్నాడు. అది నాకేసి చెయ్యి చూపించి, 'తీ, పో' అంది. దానికి ఛ పలకదండి అప్పటికి."

నీళ్ళు తగ్గడం మొదలైంది. అతను లేవలేదు.

నేను ఊరుకోలేకపోయాను. వెనక్కి చూస్తే రోగం రాదని, పోయినామె దుప్పటిని నీళ్ళు ముంచుకునే రేవులోనే ఉతికి ఉంటారని, ఆ పిల్ల పోవడానికి అదే కారణమై ఉంటుందని చెప్పాను.

"నాకు తెలుసండి" అన్నాడు. "పోయినోళ్ళ బట్టలు తెప్పెక్కించమని మా తాతలు ఊరికే చెప్పేరా? మీకు చదివితే తెలిసింది, నాకు గెడ మీద ఆ ఎర్రంచు చూస్తే తెలిసింది. వాడికీ తెలుసు. అందుకే నన్నన్నాడు. తల్లి దుప్పటి మీద మనసు చంపుకోలేక తన పిల్లని తనే పోగొట్టుకున్నాడని ఎవడొప్పుకుంటాడండి?"

"మరి ఆ రోజే అరిచి చెప్పలేకపోయావా?"

"ఛీ అనిపించుకున్నోడి మాట అవతలొడ్డుకి చేరదండి. చేరిందే అనుకోండి, ఊరు వాణ్ణి ఏం చేసేదో. వాడింట్లోనే కదండీ నా పెళ్ళాం, నా పిల్లా."

ధవళేశ్వరం వెళ్ళి ఆనకట్టకి రాయి మోసే పడవల్లో పని చేశాడు. ఆనకట్ట పూర్తయిన ఏడు వీరవేణి జ్వరంతో పోయింది. ఆ సంగతి రెండు నెలల తరవాత ఎవరో పడవవాడు మాటల్లో చెబితే తెలిసింది. కాంతాన్ని సుబ్బరాజు పెంచి తన కొడుకుకే చేసుకున్నాడు. ఆ పెళ్ళి సంగతీ అలాగే తెలిసింది. అప్పుడతను దిండికి దిగి వచ్చేశాడు.

"ఇంత జరిగాక ఈ దిక్కుకి ఎందుకొచ్చావు?" అన్నాను.

"పిలిస్తే వినబడేంత దూరంలో ఉండాలి కదండీ."

ఇది జరిగిన పది రోజులకి ఊటలంకలో ఇద్దరు పోయారని కబురొచ్చింది. నేను వెళ్ళాను. నీళ్ళు కాచుకోమన్నాను, పోయినవాళ్ళ బట్టలు రేవులో ఉతకవద్దన్నాను. అందరూ ఎంతో మర్యాదగా ఆయ్ అన్నారు. తిరిగి వస్తుంటే సుబ్బరాజు నన్ను తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాడు. తలపాగా తీసి, కొబ్బరిబొండం తనే కొట్టి ఇచ్చాడు. ఇప్పుడు ఊళ్ళో పెద్దమనిషి, రేవూ అతనిదే.

"బాబుగారండీ, మా బావ మీ పడవ నడుపుతున్నాడటగా."

"అవును."

"పదమూడేళ్ళయిందండి. తప్పు చేసేను. ముసలాణ్ణయిపోయేను, ఇంకెన్నాళ్ళుంటాను. మా కాంతానికి ఆడపిల్ల పుట్టింది. తాతని చూడని పిల్ల. పిలుద్దామనుకుంటున్నానండి. నా అంతట నేను చెబితే నమ్మడు. మీరో మాట చెప్పరూ?"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు నిజమైనవేనని ఈనాటికీ అనుకుంటాను. తలుపు వెనక కాంతం అయిదు నెలల పిల్లనెత్తుకుని నిలబడి ఉంది. తండ్రి భుజాలే ఆ అమ్మాయివీ. నా గుండె పొంగిపోయింది. నీళ్ళలోకి పరిగెత్తినట్టే వెళ్ళి పడవెక్కాను.

చెప్పగానే అప్పలరాజు గెడ పడవలో పెట్టి, వంగి గోదావరి నీళ్ళతో మొహం కడుక్కున్నాడు.

"ఎవరు పిలుస్తారంట?"

"సుబ్బరాజే. కాంతం కూడా."

"ఊళ్ళో ఎంతమంది పోయేరు బాబూ?"

"ఇద్దరు."

"ఆయ్" అన్నాడు.

ఆ ఆయ్ నాకు అర్థం కావలసింది. నేను సంతోషంలో ఉన్నాను.

మర్నాడు రేవులో పసుపునీళ్ళ చెంబుతో సుబ్బరాజు నిలబడ్డాడు. "రా బావా" అన్నాడు. పక్కనుంచి కాంతం, "రా నాన్నా" అంది. అప్పలరాజు పడవ దిగాడు. కాలు నేల మీద పెట్టి, ఎంత లోతు ఉందో చూసేవాడిలా కాసేపు ఆగి, రెండో కాలు పెట్టాడు.

మధ్యాహ్నం అరుగు మీద భోజనం పెట్టారు. కాంతమే వడ్డించింది. పెద్ద అరటాకు వేసి, అన్నం, చేపల పులుసు, వంకాయ కూర. కొత్తల్లుడికి పెట్టినట్టు ఆకులో పెడుతున్నారని మురిసిపోయాను. అప్పలరాజు ఆకువైపు చాలాసేపు చూశాడు. తరవాత తిన్నాడు. మనవరాలిని చూపించమన్నాడు. కాంతం గుమ్మంలోనుంచే చూపించింది. "ఇప్పుడే కునుకు పట్టింది, ఎత్తుకుంటే లేస్తది" అంది. నేను రోగుల ఇళ్ళకి వెళ్ళిపోయాను. ఆ రాత్రి కరణంగారింట్లో ఉండిపోయాను.

తెల్లవారాక డప్పులు వినబడి రేవుకి వెళ్ళాను. తెప్ప కట్టి ఉంది. పసుపు కుండ, చేట, చీపురు, బట్టల మూటలు. అప్పలరాజు పడవలో వీపు ఊరివైపు పెట్టి నిలబడి ఉన్నాడు. జనం వరసగా చేరారు. వరసలో మొదట కాంతం ఉంది.

సుబ్బరాజు ఆమెతో, "ఈసారి నువ్వనమ్మా. కూతురంటే అమ్మవారికి గట్టిగా తగులుద్ది" అన్నాడు.

కాంతం చంకలో పిల్లని రెండో చంకలోకి మార్చుకుంది. "ఛీ" అంది. "పో" అంది. ఇప్పుడు ఛ స్పష్టంగా పలికింది. తరవాత ఊరందుకుంది.

నేను నీళ్ళలోకి దిగాను. ఇది మోసమని, రోగానికి మందుందని, నీళ్ళు కాచుకుంటే చాలని అరిచాను. డప్పుల్లో ఎవరికీ వినబడలేదు. పడవ అంచు పట్టుకుని, "దిగు అప్పలరాజూ, పోదాం" అన్నాను.

అతను తల తిప్పకుండా, "బాబూ, బట్టలన్నీ ఎక్కించేరేమో చూసి చెప్పండి. నేను చూడకూడదు" అన్నాడు.

చూశాను. పోయిన ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళినవాణ్ణి, వాళ్ళు పడుకున్న పక్కలు కూడా చూసినవాణ్ణి. చీరలు, పంచెలు, చాప, దుప్పట్లు. ఏదీ తగ్గలేదు. "అన్నీ ఉన్నాయి" అని చెప్పాను.

"ఆయ్" అని గెడ వేశాడు.

ఆ తరవాత ఊటలంకలో ఎవరూ పోలేదు. నీళ్ళు కాచుకున్నందుకో, బట్టలు వెళ్ళిపోయినందుకో, దానంతట అదే తగ్గిందో చెప్పలేను.

తొమ్మిదో నాడు కాంతం ఇంటికి వెళ్ళాను. పిల్లకి నూనె రాస్తోంది. సుబ్బరాజు ఇంట్లో లేడు.

"రేపు మీ నాన్న అవతల నిలబడతాడమ్మా. నువ్వే అన్నావు, నువ్వే పిలవాలి."

"ఊళ్ళో తగ్గిందండి" అంది.

"తగ్గింది కాబట్టే పిలవమంటున్నాను."

"తగ్గింది కాబట్టేనండి పిలవలేంది. ఆయన్తో వెళ్ళింది ఆయన్తో మళ్ళీ వస్తే?" పిల్ల కాళ్ళు రెండూ కలిపి పట్టుకుంది. "మావయ్య వొద్దన్నాడని కాదండి. నేనే. మీకూ పాప ఉందటగా బాబుగారూ. మీరైతే పిలుస్తారా?"

నేను లేచి వచ్చేశాను. ఒడ్డున నడుస్తూ చాలా జవాబులు తయారుచేసుకున్నాను. అన్నీ ఆ అమ్మాయి పిల్లని పణంగా పెట్టి చెప్పే జవాబులే. నా పాపని ఆ చోట పెట్టి చూస్తే ఒక్కటీ నిలబడలేదు.

మర్నాడు వేరే పడవ కట్టించుకుని మొగకి వెళ్ళాను. అప్పలరాజు ఇసుకతిప్ప మీద పడవ బోర్లించి, పగుళ్ళలో కొబ్బరిపీచు దట్టిస్తున్నాడు. బయలుదేరే పనిలో ఉన్నాడని తెలుస్తూనే ఉంది, కానీ ఊటలంక వైపు కాదు, సముద్రం మీదికి. ఏటికి ఎదురు పోవడానికి ఎవరూ అంత గట్టిగా దట్టించరు.

"మా కాంతం పంపించిందాండీ?"

"లేదు. నేనే వచ్చాను. మా ఊరు రా."

"మీరు పొమ్మన్లేదు కదండీ. మీరు పిలిస్తే ఎలా వొస్తాను."

నేను ఇసుకలో కూర్చున్నాను. "సుబ్బరాజు నన్ను మోసగించాడు, నేను నిన్ను మోసగించాను" అన్నాను.

"మీకు లంకోళ్ళ ఆకు సంగతి తెలీదు కదండీ."

"ఏ ఆకు?"

"అన్నం ఆకులో పెట్టింది. ఇంటి మనిషికైతే కంచంలో పెడతారండి, కడిగి మళ్ళీ వాడుకుంటారు. సాగనంపాల్సినోడికి ఆకు. తిన్నాక ఏట్లో పారేస్తారు. అక్కడే తెలిసిపోయింది నాకు. లేచి వెళ్ళిపోదామనుకున్నాను." పీచు దట్టించడం ఆపాడు. "ఇంకొంచెం పులుసు పొయ్యమంటావా నాన్నా అంది. కూర్చుండిపోయేను."

పడవ తిరగేయడానికి సాయం పట్టాను. నీళ్ళలోకి తోశాం. పాటు మొదలైంది. ఎక్కడికని అడిగాను. ఓడలున్న చోట గెడ తెలిసినవాడికి పని దొరుకుతుందన్నాడు. ఈసారి వినబడే దూరం గురించి ఏమీ అనలేదు. అప్పటినుంచి అతన్ని నేను చూడలేదు.

పడవెక్కాక అడిగాడు. "మీ పాప నడుస్తుందాండీ?"

"ఇప్పుడిప్పుడే."

"అయితే ఇంక చెయ్యకూడని పనులన్నీ చేస్తదండి. మీకు భయమెక్కువ. భయమున్నోళ్ళకే ఆ మాట ముందొస్తది. మట్టి నోట్లో పెట్టుకుంటది, ఛీ అంటారు. ఎంగిలి నీళ్ళు ముట్టుకుంటది, పో అంటారు. అనొద్దని చెప్పనండి, అది అయ్యే పని కాదు. అన్న పూట దాటకుండా మీరే రమ్మనండి. వాళ్ళమ్మని పంపించకండి. పొమ్మన్న నోరే పిలవాలి. పిల్ల వొచ్చేదాకా మీరు కంచం ముందు కూర్చోకండి."

పాపకి ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. కాలవ నీళ్ళలో చెయ్యి పెడుతుంది, కోళ్ళ దగ్గర కూర్చుని వాటి గింజలు తింటుంది. రోజుకి రెండుసార్లైనా ఆ మాట నా నోట వస్తుంది. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని పెరట్లోకి పోతుంది. అన్నం చల్లారిపోతోందని గంగాభవాని అంటుంది, తను వెళ్ళి తీసుకొస్తానంటుంది. వద్దంటాను. పీట మీంచి లేచి పెరట్లోకి వెళ్ళి, నేనే "రా అమ్మా" అంటాను. ఒక్కోసారి వెంటనే రాదు. వచ్చేదాకా నిలబడతాను.